గొడవల గది

"ఈ పక్క మీద నేను పడుకోను," అంది పెద్దకోడలు.

"పడుకోవడానికి రాలేదుగా మనం. పోట్లాడుకోవడానికి వచ్చాం," అంది అత్తగారు, కుర్చీలో తన తువ్వాలు పరుచుకుని దాని మీద కూర్చుంటూ.

ఆ తువ్వాలు చూసి పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఆవిడ తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు, కోడలు మాత్రం ఎవరి తలనూనెతోనో నల్లబడిన దిండు మీద తల పెట్టాలి. దుప్పటి అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. పొడుగాటి వెంట్రుక ఒకటి, బిస్కట్ పొడి, మధ్యలో టీ రంగు మరక. అది టీయే అయితే బావుండునని అనుకుని దుప్పటి వదిలేసింది.

ఆవిడ పళ్ళ డాక్టరు. పొద్దున లేస్తే జనం నోళ్ళలో వేళ్ళు పెట్టి బతికే మనిషి. చీము చూస్తుంది, నెత్తురు చూస్తుంది, పుచ్చుపన్ను పీకి పళ్ళెంలో పడేసి ఇంటికొచ్చి హాయిగా భోంచేస్తుంది. అసహ్యమనేది ఆవిడకి అంత తేలిగ్గా పుట్టదు. అలాంటిది, ఈ గదిలో అడుగు పెట్టినప్పటి నుంచీ దేన్నీ ముట్టుకోబుద్ధి కావటం లేదు.

"మరీ అంత పట్టించుకోకు," అన్నాడు భర్త. "రెండు రోజులేగా. సర్దుకుందాం."

భర్త సర్వేయరు. ఊరందరి స్థలాలకీ హద్దులు కొలిచి రాళ్ళు పాతిస్తాడు. తన తల్లికీ పెళ్ళానికీ మధ్య మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క రాయీ పాతలేకపోయాడు.

ఈ ఇంటివాళ్ళు ఇంట్లో పోట్లాడుకోరు. పోయిన మామగారు కోర్టులో గుమాస్తా. అక్కడి వాదనలు వినీ వినీ, ఇంటి గోడలకి చెడ్డమాట వినిపించకూడదని ఒక పద్ధతి పెట్టారు. తగువు ముదిరితే అటక మీంచి గోధుమరంగు సూట్‌కేసు దిగుతుంది. సంబంధం ఉన్నవాళ్ళందరూ బస్సెక్కి ఈ హోటల్‌కి వచ్చి, మూడో అంతస్తులోని ఈ గదిలో తలుపులేసుకుని తేల్చుకుంటారు. అందరూ హాజరు కానిదే మొదలెట్టకూడదు. తేలకుండా హోటల్ దాటినవాళ్ళు ఓడినట్టే. ఇక్కడ అన్న మాట ఇంటికి తీసుకెళ్ళకూడదు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా విని పెద్దకోడలు పడీపడీ నవ్వింది. తర్వాత్తర్వాత, రోజూ గిన్నెలు విసురుకునే ఇళ్ళ కన్నా ఇదే నయమని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పగా కూడా చెప్పుకుంది.

ఈసారి సూట్‌కేసు దిగింది ఉడత కోసం. ఉడత పెద్దకోడలి రెండో బిడ్డ, నాలుగేళ్ళ పిల్ల. ఒకచోట కాలు నిలవదు కనక ఆ పేరు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర అత్తగారు ఒకే ఒక్క మాట అంది: "ఉడతని చిన్నవాళ్ళకి పెంపకానికి ఇచ్చేద్దాం." చిన్నవాళ్ళంటే మరిదీ తోటికోడలూ. వాళ్ళకి పిల్లల్లేరు, ఇక పుట్టరని డాక్టర్లు చెప్పేశారు. పెద్దకోడలు నోరు తెరిచేలోపే అత్తగారు చెయ్యి కడుక్కుని సూట్‌కేసు దింపించింది. అది దిగాక ఇంట్లో ఇక ఎవరూ ఆ ఊసెత్తకూడదు. వారమంతా పెద్దకోడలు నోట్లో దూది కుక్కుకున్న తన పేషెంట్లలాగే కక్కలేక మింగలేక తిరిగింది.

అయినా ధైర్యంగానే వచ్చింది. ఇది ఆవిడకి అచ్చొచ్చిన గది. పెద్దవాడు పాలు తాగే రోజుల్లో, సొంతంగా క్లినిక్ పెట్టుకుంటానంటే అత్తగారు ససేమిరా అంది. ఆ తగువు తేలింది ఇక్కడే. అప్పుడెంత చక్కగా ఉండేదని. తెల్లగా పెళపెళలాడే దుప్పట్లు, కిటికీ తెరిస్తే కింద పచ్చిక మీద నీళ్ళు చిమ్ముతూ తిరిగే గొట్టం, స్నానాల గదిలో నిమ్మకాయ వాసనేసే చిన్న చిన్న సబ్బులు. రెండు రోజులు వాదించిన అత్తగారు మూడోరోజు పొద్దున తనంతట తనే "సరే, పెట్టుకో" అనేసింది. ఆ గెలుపుకి గుర్తుగా పెద్దకోడలు రెండు సబ్బులు తెచ్చుకుని బీరువాలో బట్టల మధ్య పెట్టుకుంది. ఇప్పటికీ ఆవిడ బట్టలకీ ఉడత గౌన్లకీ ఆ వాసనే.

ఇప్పుడు కిటికీ తెరిస్తే జనరేటరు షెడ్డు. పచ్చిక ఉన్నచోట విరిగిన కుర్చీలు గుట్టగా పడున్నాయి. బయట బోర్డుకి మాత్రం కొత్త రంగులూ దీపాలూ. పైన పటారం లోన లొటారం.

మొహం కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్ళింది. నీళ్ళు పోయే జాలీ నిండా వెంట్రుకల ఉండ. కుళాయి తిప్పితే కాసేపు దగ్గి, తర్వాత తుప్పునీళ్ళు కక్కింది. అద్దం కింద గాజుగ్లాసు కేసి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

భర్త వచ్చి చూశాడు. గ్లాసులో నీళ్ళు ఎప్పుడో ఆవిరైపోయాయి. అడుగున మిగిలిన జిగురులో ఎవరివో పై వరస కట్టుడు పళ్ళు.

"పళ్ళు," అన్నాడు.

"పళ్ళని నాకూ తెలుసు. ఎవరివి?"

"నాకెలా తెలుస్తుంది? అది నీ లైను కదా."

గదిలో ఫోన్ పని చెయ్యట్లేదు. భర్త కిందికి వెళ్ళి మేనేజరుని వెంటబెట్టుకొచ్చాడు. మేనేజరు అప్పటివాడే. జుట్టు మాత్రం పోయింది, పొట్ట వచ్చింది. అత్తగారిని చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఎన్నాళ్ళకి వచ్చారు. మీ గొడవల గదే ఇచ్చాను చూశారా. లోపల వేరేవాళ్ళుంటే ఖాళీ చేయించి మరీ ఇచ్చాను."

"మనుషుల్ని ఖాళీ చేయించారు గానీ వాళ్ళ పళ్ళని చేయించలేదు," అంది పెద్దకోడలు.

గ్లాసు చూడగానే మేనేజరు మొహం వెలిగిపోయింది. "ఇక్కడున్నాయా ఇవి. పోయిన నెల దిగిన పెద్దాయన పాపం ఎన్నిసార్లు ఫోన్ చేశాడో." పళ్ళని వేళ్ళతో పైకి తీసి, ప్యాంటుకి తుడిచి, చొక్కా జేబులో వేసుకున్నాడు. అవే వేళ్ళతో టేబుల్ మీది కప్పులు సర్దుతూ, "టీ పంపించనా?" అన్నాడు.

"వద్దు," అంది పెద్దకోడలు.

"పంపించు," అంది అత్తగారు.

"ఈ దుప్పట్లు మార్పించండి ముందు."

"మార్చినవేనమ్మా. పొద్దునే అటు తిప్పి వేయించాను."

అతను వెళ్ళిపోయాక కూడా ఆ మాట గదిలో ఉండిపోయింది. పెద్దకోడలు మంచానికి దూరంగా గోడవార నిలబడింది. గోడకి ఆనుకుందామంటే అక్కడా ఎవరో చెయ్యి తుడిచిన జిడ్డు.

"అత్తయ్యా, ఇంకో హోటల్‌కి వెళ్దాం. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు."

"మీ మామయ్యగారు ఎంచుకున్న గది ఇది. నాకు ఆడుతోంది."

"మామయ్యగారు ఎంచుకున్నప్పుడు ఇలా లేదుగా."

"ఇలా ఉంటే మాత్రం ఆయన దుప్పట్ల గురించి మాట్లాడేవారు కాదు," అంది అత్తగారు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఎదుటి మనిషి డాక్టరైనా కలెక్టరైనా ఆవిడకి బెంచీ మీద నిలబడ్డ పిల్లే. "అసలు సంగతి వచ్చేసరికి నోరు పెగలదని తెలిసి ముందే హోటల్ మీద పడ్డావు. నీ అసహ్యం హోటల్ మీద కాదు."

"హోటల్ మీదే. ఇప్పటిదాకా హోటల్ మీదే."

ఇద్దరూ భర్త వైపు చూశారు. అతను కిటికీ దగ్గర నిలబడి జనరేటరు షెడ్డుని కొలుస్తున్నట్టు చూస్తున్నాడు.

టీ వచ్చింది. అత్తగారి కప్పులో చీమ తేలింది. చిటికెన వేలితో పక్కకి తోసి తాగింది ఆవిడ. పెద్దకోడలు తల తిప్పుకుంది.

"చెవులకేం పెట్టుకోలేదేం, బోసిగా?" అంది అత్తగారు ఉన్నట్టుండి. "నలుగురిలోకి వస్తూ."

"ఉడతకి గుచ్చుకుంటాయని మానేశానుగా. మీకు తెలియందేముంది."

నిజమే, ఇంట్లో అందరికీ తెలుసు. ఉడత పక్కన పడుకున్న మనిషి చెవితమ్మె పిడికిట్లో పట్టుకుంటేనే గాని నిద్రపోదు. దుద్దులుంటే గీరుకుని ఏడుస్తుంది. పెళ్ళినాటి దుద్దులు పెద్దకోడలు ఎప్పుడో తీసి లోపల పెట్టేసింది.

"ఉడత ఇక్కడ లేదుగా."

"అలవాటైపోయింది."

అత్తగారు చూపు దించుకుంది. కప్పు కేసి చూస్తూ కూర్చుంది.

పెద్దకోడలు ఫోన్ తీసి తోటికోడలికి చేసింది. చిన్నవాళ్ళుండేది వేరే ఊళ్ళో. ఉడతని చూసుకోవడానికని నాలుగు రోజుల ముందే వచ్చి దిగారు. ఇద్దరు పిల్లల్నీ ఒక్కతే పట్టలేదని అత్తగారు అనడంతో పెద్దవాణ్ణి పక్కింట్లో వదిలి, పిల్లని తోటికోడలికి అప్పగించి పొద్దున ఈ ముగ్గురూ బస్సెక్కారు. పని ఉందన్న మరిది, తోటికోడలి తరఫున కూడా, మధ్యాహ్నం బస్సుకి వచ్చి కలవాలి. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"తియ్యటం లేదు."

"పిల్లతో పాటు తనూ కునుకు తీస్తోందేమోలే," అన్నాడు భర్త, కిటికీలోంచి తల తిప్పకుండా.

"మీ తమ్ముడు?"

"వస్తాడు."

"మధ్యాహ్నం బస్సు అన్నారు. ఎండ తిరిగిపోయింది."

"వస్తాడన్నానుగా."

ఆ గొంతులో ఏదో తొట్రుపాటు. పెద్దకోడలు అతని వీపు కేసి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వీపుతోనే ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది ఆవిడకి.

"సరే, ఆయన వచ్చేలోపు ఒక్క మాట చెప్తాను," అంది. "తగువు మొదలెట్టటం కాదు, ముందే చెప్పుకోవడం. తోటికోడలైనా అది నాకు చెల్లెలే, దాని బాధ నాకు తెలుసు. దాని కోసం ఏం చెయ్యమన్నా చేస్తాను. నా పిల్లని మాత్రం ఇవ్వను. రెండ్రోజులు కాదు, రెండు నెలలు ఈ మురికిలో కూర్చోబెట్టినా ఇవ్వను. ఈ గదిలో నేను ఒకసారి గెలిచినదాన్ని, అత్తయ్యా. మళ్ళీ గెలుస్తాను."

అత్తగారు కప్పు కింద పెట్టింది. ఆవిడ మొహంలో కోపం లేదు, జాలి లాంటిది కనిపించింది. అదే పెద్దకోడల్ని భయపెట్టింది.

"గెలిచావా?" అంది. "నేనెందుకు ఒప్పుకున్నానో ఎప్పుడైనా ఆలోచించావా నువ్వు? రెండు రోజులు వద్దన్నదాన్ని మూడోరోజు పొద్దునకల్లా ఎలా మారాననుకున్నావు? నీ వాదన విని కరిగిపోయాననుకున్నావా?"

పెద్దకోడలు నిజంగా అలాగే అనుకుంది.

"చెప్పరా," అంది అత్తగారు కొడుకుతో. అతను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. "వాడు చెప్పడు. నేనే చెప్తాను. చిన్నకోడలికి అప్పటికే రెండోసారి కడుపు పోయింది. మంచం దిగట్లేదు, నాలుగు మెతుకులు తినట్లేదు. అప్పుడు అన్నాడు నీ మొగుడు, ఆ కిటికీ దగ్గరే నిలబడి. 'దాన్ని క్లినిక్ పెట్టుకోనివ్వమ్మా, మాకు రెండో బిడ్డ పుడితే తమ్ముడికి ఇస్తాను' అన్నాడు. అదీ నీ గెలుపు."

పెద్దకోడలికి వెంటనే ఏమీ అనిపించలేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక పన్ను లాగుతున్నప్పుడు పేషెంటుకి చప్పుడు మాత్రం వినిపిస్తుందట, నొప్పి తర్వాత వస్తుందట. వాళ్ళు చెప్పగా వింది గాని ఇన్నాళ్ళూ తెలియలేదు.

"నేనెక్కడున్నాను?" అంది చివరికి. "మీరిద్దరూ ఆ మాట అనుకుంటున్నప్పుడు."

"కింద పచ్చిక మీద పిల్లాడికి పాలు పడుతున్నావు. పిలుద్దామనే అనుకున్నాను. వాడు నిద్రలోకి జారుతుంటే లేపటమెందుకని ఊరుకున్నాను."

అంత మామూలుగా చెప్పింది ఆవిడ. పెద్దకోడలికి ఆ పొద్దు గుర్తొచ్చింది. ఒళ్ళో పిల్లాడు, కాళ్ళ దగ్గర చల్లగా చిమ్ముతున్న నీళ్ళు. తలెత్తి చూస్తే మూడో అంతస్తు కిటికీలో భర్త. చెయ్యి ఊపాడు, తనూ ఊపింది. బతుకులో అంత హాయి మళ్ళీ ఎరగనని ఎన్నోసార్లు అనుకుంది ఆ క్షణం గురించి. అప్పుడే ఆ కిటికీలో ఇంకా కడుపున పడని ఉడతని బేరం పెట్టేసి చెయ్యి ఊపాడన్నమాట.

"నిజమేనా?" అంది భర్తతో.

"అప్పుడు రెండో బిడ్డ మాటే లేదు కదా," అన్నాడు అతను నేల చూస్తూ. "పుడుతుందో లేదో కూడా తెలియదు. నీ క్లినిక్ కోసమే అన్నాను. నీకు మంచి జరగాలనే."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

అతను తలెత్తాడు. ఆ మొహంలో తప్పు చేసిన జాడ లేదు. చెప్పిన లెక్క చెప్పినట్టే చేసుకొచ్చిన పిల్లాడి నమ్మకం ఉంది.

"హోటల్లో అన్న మాట ఇంటికి తీసుకెళ్ళకూడదు కదా," అన్నాడు.

పెద్దకోడలికి డోకు వచ్చింది. దుప్పటి చూస్తే రానిది, జాలీ చూస్తే రానిది, ఆ పళ్ళు చూస్తే కూడా రానిది, ఈ మాటకి వచ్చింది. చటుక్కున సంచీలోంచి రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలు నిమ్మకాయ వాసన వేసింది. ఇన్నేళ్ళూ బీరువాలో దాచుకుని, బట్టలకి పట్టించుకుని, పిల్ల గౌన్లకి కూడా పట్టించిన వాసన. ఆ రుమాలు తీసుకెళ్ళి స్నానాల గదిలో ఆ వెంట్రుకల ఉండ మీదే పడేసి వచ్చింది.

ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. ఉడత పుట్టిన రోజున ఆసుపత్రిలో అత్తగారు పిల్లని ఎత్తుకుని, తల్లి పక్కలో కాక ముందు తోటికోడలి ఒళ్ళో పెట్టింది. పాపం దాని మనసు చల్లబడుతుందిలే అని తనూ ముచ్చటపడింది. ప్రతి సెలవులకీ పిల్లని పంపమని వాళ్ళు అడగడం, పంపిద్దామని భర్త తొందరపెట్టడం. అందరికీ తెలుసు. తను ఒక్కతే ఏమీ తెలియక పిల్లకి అన్నం కలిపి పెడుతూ వచ్చింది.

"అయిందేదో అయింది," అన్నాడు భర్త. "తమ్ముడు రానీ. కూర్చుని సర్దుకుందాం."

కింద రోడ్డు మీద బస్సు ఆగి, మళ్ళీ కదిలిన చప్పుడు వినిపించింది. ఎవరూ పైకి రాలేదు. భర్త కిటికీలోంచి తొంగి చూడను కూడా లేదు. ఎదురుచూసేవాడు బస్సు చప్పుడైతే చూడకుండా ఉంటాడా?

పెద్దకోడలు ఆ ప్రశ్న మీదే ఆగింది. పొద్దున ఇంటి గుమ్మంలో తోటికోడలు ఉడతని చంకనేసుకుని నిలబడి, "నువ్వు నిశ్చింతగా వెళ్ళి రా అక్కా," అంది. ఆ మొహంలో ఏదో తేడాగా అనిపించింది, బస్సుకి టైమైపోతోందని ఆగి చూడలేదు. ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. వాళ్ళమ్మ గుర్తని తోటికోడలు స్నానానికి కూడా తియ్యని ఎర్రరాళ్ళ దుద్దులు. పొద్దున అవి లేవు. చెవులు రెండూ బోసిగా ఉన్నాయి.

"మరిది రాడు కదూ," అంది మెల్లగా.

అత్తగారు తువ్వాలు అంచు సరిచేసుకుంది.

"పిల్ల ఎక్కడుంది, అత్తయ్యా?"

"ఈపాటికి సగం దూరం వెళ్ళి ఉంటారు వాళ్ళ ఊరికి. నువ్వు ఎదురుగా ఉంటే అది ఏడుస్తుంది, దాన్ని చూసి నువ్వేడుస్తావు. అందుకని ఇలా చేశాను. నాలుగు రోజులు బెంగ పెట్టుకుంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఎవరింటికో వెళ్ళలేదుగా."

"మీకూ తెలుసా?" అంది భర్తతో.

"రేపు చెబుదామనుకున్నాను," అన్నాడు. "ముందు నువ్వు కాస్త కుదుటపడతావని."

ఇక అతని వైపు చూడాలనిపించలేదు ఆవిడకి. తిట్టాలని కూడా అనిపించలేదు. తిట్టాలంటే దగ్గరికి వెళ్ళాలి. ఆ మనిషికి దగ్గరగా నిలబడటం కన్నా ఆ మంచం మీద పడుకోవడం నయమనిపించింది. సంచీలోంచి పర్సు మాత్రం తీసుకుని, చెప్పులేసుకుని తలుపు గొళ్ళెం తీసింది.

"తేలకుండా హోటల్ దాటితే ఓడినట్టే," అంది అత్తగారు వెనక నుంచి. గొంతు పెంచలేదు. "మీ మామయ్యగారి మాట. తర్వాత నా మీద నెట్టకు."

పెద్దకోడలు గుమ్మంలో ఆగింది.

"అందరూ హాజరు కానిదే మొదలెట్టకూడదన్నదీ ఆయనే. మరిది రాలేదు. చెల్లి రాలేదు. ఆ పొద్దున నన్నూ పిలవలేదు. కాబట్టి ఇక్కడ ఏదీ ఇంకా మొదలవనే లేదు, అత్తయ్యా. నేను అక్కడికి వెళ్ళాక మొదలవుతుంది. వాళ్ళ ఇంట్లోనే, గోడలన్నీ వినేటట్టు."

లిఫ్టు మధ్యలో ఎక్కడో ఇరుక్కుని ఉంది. మెట్లు దిగింది. భర్త పిలుస్తాడని అనుకోలేదు, పిలవనూ లేదు. కింద మేనేజరు కౌంటరు వెనక లేచి నిలబడ్డాడు. జేబులో పళ్ళ వరస ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది.

"అప్పుడే తేలిపోయిందా అమ్మా?" అన్నాడు ఆశ్చర్యంగా. "మీవాళ్ళకి ఎప్పుడూ రెండు రోజులు పడుతుందే."

అతన్ని దాటుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఎండ చల్లబడింది. బస్సు స్టాపు వైపు నడుస్తూనే తోటికోడలికి మళ్ళీ ఫోన్ చేసింది. మోగింది. ఆగింది. మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తారు, కాని మాట లేదు. బస్సు ఇంజను రొద వినిపిస్తోంది. "ఎవరు? పెట్టెయ్యి," అంటున్న మరిది గొంతు. దానికి దగ్గరగా, ఫోన్‌కి ఆనుకున్నంత దగ్గరగా, నిద్రపోతున్న పిల్ల గురక. జలుబు చేస్తే ఉడతకి వచ్చే సన్నటి గురక.

అంటే అప్పుడే తోటికోడలి చెవి పట్టుకుని పడుకుందన్నమాట.

పెద్దకోడలు రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అవతల తోటికోడలు ఊపిరి బిగబట్టి వింటోంది. పెట్టెయ్యలేదు.

"చెల్లీ," అంది పెద్దకోడలు. "నీ దుద్దులు నువ్వు పెట్టుకో. నేను వస్తున్నాను."